ఇద్దరికి సరిపోయే మ్యాట్

బస్సు డ్రైవరు ఆరో యోగా మ్యాట్ కూడా నేల మీద పరిపించాడు. దాని మీద మోకాళ్లు ఆన్చాడు, మోచేత్తో గట్టిగా నొక్కాడు, లేచి గడియారం చూసుకున్నాడు.

"ఇదీ పల్చనే అమ్మా. కింద నేల తెలుస్తోంది."

"మరీ మందంగా ఉంటే నిలబడి వేసే ఆసనాల్లో కాలు కుదురుగా ఆనదు బాబాయ్, తూలిపోతారు," అంది దుకాణంలోని అమ్మాయి.

"తూలకూడదు, జారకూడదు. పడితే దెబ్బ తగలకూడదు. వెడల్పు ఇద్దరికి సరిపోవాలి. కాస్త తొందరగా చూడమ్మా."

అమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది. "ఇవేం గొంతెమ్మ కోరికలు బాబాయ్! ఇంతకీ మీరు వేసేది ఏ ఆసనం?"

ఆయన గుమ్మం వైపు చూశాడు.

"నాకు కాదమ్మా, మా ఆవిడకి. పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. దెబ్బ తగలకుండా పడటం, పడ్డాక లేవటం ముందు నేర్పమన్నారు డాక్టరుగారు. పడ్డప్పుడల్లా సిగ్గుతో ఏడుస్తుంది. అందుకని పక్కన నేనూ పడుతున్నాను."

అమ్మాయి లోపలికెళ్లి రెండు మందపాటి మ్యాట్లు తెచ్చింది. వాటిని అంచుకు అంచు కలిపి పరుస్తుండగా ఆయన ఫోను మోగింది.

"ఏవండీ, నేనే లేచాను. గోడకి ఆనుకుని నిలబడ్డాను," అంది భార్య.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"వింటున్నారా? సంబరం తర్వాత పడుదురుగాని. మళ్లీ ఎలా కూర్చోవాలో తెలియట్లేదు, పరుగెత్తుకు రండి!"