నలభై నట్లు

చిన్న సుత్తి. చెక్క పిడి చేతి చెమటకు నల్లబడిపోయింది. విచారణ గది బయట, బెంచీ మీద కూర్చున్న మెకానిక్ ఒళ్లో ఉంది.

ఇరవై రెండేళ్లుగా రోజూ ఉదయం ఆ సుత్తితోనే బస్సు చక్రాల నట్లు కొట్టి చూస్తున్నాడు. బిగుతుగా ఉన్న నట్టు ఖంగుమంటుంది. వదులైంది టప్పుమంటుంది.

బస్సుకు నలభై నట్లు. నలభయ్యీ విన్నాకే తనిఖీ కార్డు మీద సంతకం.

ఆ రోజు జోరువాన. వెనక ఎడమవైపు చక్రం బురదనీళ్లలో ఉంది.

ముప్పై విన్నాడు. నలభైకి సంతకం పెట్టాడు.

గంట తిరక్కుండా మలుపులో ఆ చక్రమే ఊడింది. బస్సు గోడకు గుద్దుకుంది. కిటికీ పక్కన కూర్చున్న టీచరమ్మ కాలు పోయింది.

ఇప్పుడు బెంచీ మీద అతని పక్కన కూర్చున్నది ఆ బస్సు డ్రైవరే. స్వయానా బావమరిది.

"గోతిలో స్పీడుగా దించానట బావా. అందుకే ఊడిందట. నాకసలు గొయ్యే గుర్తు లేదు."

"ఆ మాటే చెప్పరా."

"చెప్పా. నట్లు ముందే వదులుగా ఉంటే తప్ప తప్పు నీదేనన్నారు." డ్రైవరు నవ్వాడు. "నువ్వు కొట్టి చూశాక వదులెట్లా ఉంటాయి? ఇంట్లో మా అక్క గొంతు చించుకున్నా నీకు వినపడదు గానీ, బండి కింద చీమ తుమ్మినా వింటావు!"

మెకానిక్‌కు నవ్వు రాలేదు.

"ఒక్క మాట చెప్పు బావా. చూశానన్నావంటే లోపలికెళ్లి ఒప్పేసుకుంటా. రోజూ ఆసుపత్రికి పోతున్నా. 'నీ తప్పేం లేదు నాయనా' అంటోంది ఆ టీచరమ్మ. అదే తట్టుకోలేకపోతున్నా. ఎవరిదో ఒకరిది తప్పే కదా."

తలుపు తెరుచుకుంది. గుమాస్తా డ్రైవరును పిలిచాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలు.

"చూశానురా."

"అమ్మయ్య!" డ్రైవరు అతని భుజం తట్టి లోపలికి వెళ్లాడు.

ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు. చొక్కా మీద బ్యాడ్జి లేదు. అది ఉన్న చోట పిన్ను చేసిన రెండు చిల్లులున్నాయి.

"డిపో మొత్తంలో నాకోసం నువ్వొక్కడివే వచ్చావు బావా."

మెకానిక్ సుత్తి పిడిని గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం వాన లేదు. నేల పొడిగా ఉంది. కొత్త డ్రైవరు స్టీరింగు ముందు కూర్చుని తొందరపెడుతున్నాడు.

"ఇంకా ఎన్నిసార్లు కొడతారు సార్? అన్నీ మోగాయిగా!"

మోగాయి. నలభయ్యీ ఖంగుమన్నాయి.

అతను వంగి, మళ్లీ మొదటి నట్టు దగ్గర మొదలుపెట్టాడు.