బతికిన ఇప్పచెట్టు

గేటు తీయకముందే ఆమె వచ్చి కూర్చుంది. ఒళ్లో ఖాళీ టిఫిను డబ్బా.

"పార్కు ఎనిమిదింటికి తీస్తరు, చెల్లె," అన్నాడు తోటమాలి పోశాలు.

"కూసుంట, అన్నా. నా పేరు ద్వాళి. భూపాలపల్లి దిక్కుకెల్లి వచ్చిన. మా తండా ఇప్పచెట్టు మీ తాననే ఉన్నదంట గద?"

పోశాలు ముఖం వెలిగిపోయింది. ఉండకేం! మూడు వందల ఏళ్ల చెట్టు. బొగ్గు గని కోసం తండాను ఖాళీ చేయించాక, ఆ చెట్టును వేళ్లతో సహా పెకిలించి లారీలో హైదరాబాద్ తెచ్చారు. బతకదని చదువుకున్న వాళ్లంతా తేల్చేశారు. పోశాలు రెండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాడు. చెట్టు చిగురేసింది, పేపర్లకెక్కింది. చుట్టూ ఇనుప కంచె, ముందు బోర్డు. పెద్ద సార్లు వచ్చి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. తండా ఏమైందని మాత్రం ఏ సారూ అడగలేదు.

ద్వాళిని చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె పైకి చూడనే లేదు. కొత్త చిగుళ్లు చూపిద్దామనుకున్న పోశాలుకు చిన్నతనమనిపించింది. ఆమె కంచె సందులోంచి చెయ్యి పెట్టి నేలను నిమురుతూ ఉండిపోయింది.

"జర మట్టి తీస్కపోత, అన్నా. కొత్త కాలనీల ఇంటి ముంగట పోసుకుంటం. మా ఆయన ప్రేమ్‌చంద్ మంచంలకెల్లి లేస్తలేడు. గా మట్టి తెమ్మని ఒకటే పోరు. తండా జాగల గని గుంతనే మిగిలింది."

మట్టి ముట్టుకుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. కానీ పోశాలుదీ ఆ దిక్కే, జఫర్‌గఢ్. అటువైపు మాట చెవిన పడితే మనసు ఆగదు. అటూ ఇటూ చూసి కంచె తాళం తీశాడు.

ఆమె రెండు చేతులా తోడి డబ్బా నింపుకుంది. కళ్లకద్దుకుంది. గుండెకు హత్తుకుంది. ముఖం తేటపడింది.

పోశాలు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నోటి దురద ఊరుకోనిస్తుందా!

"మస్తు బలమున్న మట్టి, చెల్లె. మీ తండాది గాదు. నేను పోసిన ఎర్రమట్టి, ఎరువు. మీ మట్టితోనే ఉంటే చెట్టు గిట్ల లేస్తుండెనా?"

ద్వాళి తలెత్తింది. "మా మట్టి ఏమాయె?"

"లారీ బరువు గుంజకపాయె. జనగామ బైపాస్ కాడ వేర్లు దులిపి, అంతా ఓ గుంతల పోసినం. ఇప్పుడు దాని మీద లారీలు ఆపుతున్నరు."

ఆమె డబ్బా మూత తీసి, మట్టినంతా చెట్టు మొదట్లోనే గుమ్మరించేసింది.

పోశాలుకు ఒళ్లు మండింది. "ఏంది గిది? నీ కోసం తాళం తీస్తి. మీ చెట్టు బతికిందన్న సంతోషమన్న లేదా నీకు?"

"గా గుంతల పోసిన మట్టిలనే, అన్నా, ఈ చెట్టు కింద మేము బొంద పెట్టుకున్న మా మూడు నెలల బిడ్డ ఉండె."