రెండో తాళంచెవి

ఆవిడ మొగుడికి లోకంలో ప్రతిదీ రెండేసి ఉండాలి.

రెండు గొడుగులు, రెండు కళ్లజోళ్లు, వీధి తలుపుకి రెండు తాళంచెవులు. ఆ రెండోది పనిచేస్తుందో లేదో చూడడం మాత్రం ఆయనగారి శాఖలోకి రాదు.

అందుకే ఆ రోజు కూరగాయల సంచీతో గుమ్మం ముందు పావుగంట కుస్తీ పట్టి, చివరికి ఆయన కంప్యూటర్లు చూసుకునే డయాలసిస్ సెంటర్‌కి బయల్దేరింది. అసలు తాళంచెవి ఆయన జేబులో ఉంది.

సర్వర్ గదిలో ఆయన మహా సంబరంగా ఉన్నాడు.

"సమయానికి వచ్చావు. ఇదిగో చూడు, సిస్టమ్ డిస్కుకి జంట డిస్కు పెట్టేశాను. దీన్లో ఏది రాస్తే దాన్లోనూ అదే పడుతుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది."

"మన తాళంచెవిలాగా," అందావిడ, పట్టని తాళంచెవిని బల్లమీద పెడుతూ.

"ఎందుకు పట్టదు? అచ్చు అలాగే ఉందిగా." ఆయన దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. నిజంగానే అర్థం కాలేదు.

"మొదటి డిస్కు తీసేసి, రెండోదానితో ఒక్కసారి సర్వర్‌ని లేపి చూశారా సార్?"

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మం దగ్గర ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన. మోచేతికి కట్టు. తన వంతు కోసం ఎదురుచూస్తున్న పేషెంటు.

"రెంటికీ పచ్చ లైటే వెలుగుతోంది కదండీ," అన్నాడు మొగుడు.

"రాస్తున్నానని చెబుతుంది సార్ పచ్చ లైటు. లేస్తానని చెప్పదు."

"మీ మంచం నంబరెంత?"

"ఆరు."

"అది ఆ చివరుంది. ఇక్కడ కాదు."

పెద్దాయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. ఆవిడ అసలు తాళంచెవి తీసుకుని బయటికి వచ్చేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు. జేబులోంచి నాలుగు మడతల పాత కాగితం తీసి, ఖాళీగా ఉన్న వైపు గబగబా ఏదో రాసి, మళ్లీ మడిచి ఇచ్చాడు.

"మీరు చెబితే వింటారేమో అమ్మా."

"ఇన్నేళ్లలో ఆ ముచ్చట జరగలేదండీ. అయినా ఇవ్వండి."

ఈసారీ జరగలేదు. కాగితంలో ఏముందో ఆయన చూడనైనా లేదు. పట్టని తాళంచెవిని దాంట్లో పొట్లం కట్టి వంటింటి సొరుగులో పెట్టాడు.

"పనికిరానిదాన్ని దాచడం దేనికండీ?"

"ఉండనీవే. రెండోది ఉందంటే అదో ధైర్యం."

నెల తిరిగింది. ఓ ఉదయం ఎనిమిదింటికి ఆయన ఫోన్ చేశాడు.

"మొదటి డిస్కు పోయింది. రెండోది లేవడం లేదు."

"పచ్చ లైటు?"

"వెలుగుతోంది. అదే నాకర్థం కావడం లేదు. ఎవరికి ఎంత నీరు తియ్యాలి, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. తెర మాత్రం నల్లగా ఉంది. బయట పద్దెనిమిది మంది కూర్చున్నారు. ఆ వివరాలు చూడకుండా ఎవర్నీ మిషన్ మీదికి ఎక్కించనంటున్నారు డాక్టరుగారు. ఒకావిడకి అప్పుడే ఆయాసం మొదలైంది."

"లైన్లో ఉండండి."

ఆవిడ సొరుగు లాగి పొట్లం విప్పింది. తాళంచెవి కింద పడి ఎటో పోయింది.

"రాసుకోండి. ముందు పెన్‌డ్రైవ్‌తో సర్వర్‌ని లేపాలి. జంట డిస్కులోకి వచ్చేది లోపలి సరుకేనట. సర్వర్‌ని లేపే ప్రోగ్రాం దానికి విడిగా ఎక్కించాలట."

"విడిగానా?"

"విడిగానే. ఎక్కించాక మొదటిది పూర్తిగా పీకేసి మళ్లీ లేపాలి. తెరమీద పాస్‌వర్డ్ అడిగేదాకా కుర్చీ దిగకూడదు. ఈ ఆఖరి ముక్క కింద రెండు గీతలు కూడా గీశారు."

కీబోర్డు టకటకలు. గొణుగుడు. మళ్లీ టకటకలు. ఇక్కడ స్టవ్ మీద పాలు పొంగిపోయాయి, ఆవిడ కదల్లేదు.

"లేచింది," అన్నాడాయన ఇరవై నిమిషాలకి. మళ్లీ తనకి తనే చెప్పుకుంటున్నట్టు, "లేచింది."

బయట నర్సు మొదటి పేషెంటుని పిలవడం ఫోన్‌లోంచి వినిపించింది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?"

"మీరు వెళ్లగొట్టారే, ఆరో నంబరు మంచం, టోపీ ఆయన. వెళ్లి ఓ మంచి మాట చెప్పి రండి."

అడుగుల చప్పుడు. ఆయనేదో అడిగాడు. నర్సు గొంతు దగ్గరగా వచ్చింది.

"ఆరో నంబరా? ఆయన పోయి పది రోజులైంది సార్."

ఏం చెయ్యాలో తోచక ఆవిడ చేతిలో కాగితాన్ని రెండో వైపుకి తిప్పింది. టైపు చేసిన ఉత్తరం. పైన ఆ సెంటర్ పేరే. తేదీ పదకొండేళ్ల కిందటిది.

"ఏమండీ, దీనికి ఇంకో వైపు ఉంది."

"చదువు."

"'ఈ ఉదయం మొదటి డిస్కు పోయింది. రెండోది లేవలేదు. పన్నెండుమంది పేషెంట్లని తిప్పి పంపాల్సి వచ్చింది. పచ్చ లైటు చూసి నమ్మాను గానీ, లేపి చూడలేదు. తప్పు నాదే.' కింద సంతకం, వెనకవైపు చేతిరాతే. సంతకం కింద ఉద్యోగం..." ఆవిడ ఆ వరుస మళ్లీ చదువుకుంది. "మీ ఉద్యోగమేనండీ. మీ కుర్చీయే."

ఫోన్ చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయినట్టున్నాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది, బెంచీల మీద మిగిలినవాళ్ల దగ్గులూ గుసగుసలూ వినిపించాయి, వాటి మధ్య ఇంట్లో ఏనాడూ వినని మాట ఒకటి ఆయన గొంతులోనే వినిపించింది.

"ఆలస్యం చేసింది మిషన్ కాదండీ, నేనే. లేపి చూడమని ఆ పెద్దాయన చెబితే వినలేదు. తప్పు నాదే."