పట్టని పానా

"తిప్పవయ్యా! ఇంకా ఏం చూస్తున్నావ్?" కెప్టెన్ హార్‌గ్రీవ్ గొంతు చించుకున్నాడు.

కార్పొరల్ ట్రాంటర్ చూస్తున్నది తన సిగరెట్టు పొగని. అది జర్మన్ల కందకాల వైపు పోవడం లేదు. తిన్నగా తన మొహం మీదికి, వెనక భుజాలు రాసుకుంటూ నిలబడ్డ సొంత సిపాయిల మీదికి వస్తోంది.

"గాలి మనవైపు తిరిగింది సార్. ఇప్పుడు సిలిండర్లు విప్పితే విషమంతా మన కుర్రాళ్ళే పీలుస్తారు. అవతలివాళ్ళకి తుమ్ము కూడా రాదు."

"నాకు పాఠాలు చెప్పకు! గాలి ఎటున్నా గ్యాసు వదలాల్సిందేనని పైవాళ్ళ ఆర్డరు."

అంతలో టెలిఫోను మోగింది. "విప్పిస్తున్నా సార్. ఇదిగో, ఇప్పుడే సార్," అంటూ కెప్టెన్ ఒంగిపోయాడు. ఫోను పెట్టీపెట్టగానే పిస్తోలు తీశాడు. "తిప్పుతావా, కాల్చమంటావా?"

"తిప్పెయ్ గురూ," పక్కనున్న డాబ్స్ గొణిగాడు. "ఈయనకి మన ప్రాణాలకంటే మెడల్ ముఖ్యం. తెల్లారకముందే వచ్చి పానాల పెట్టె కూడా తనిఖీ చేసిపోయాడు, ఎక్కడ ఆలస్యమవుతుందోనని!"

ట్రాంటర్ కళ్ళు మూసుకుని సిలిండరు మరకి పానా బిగించి తిప్పాడు. అది జారిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"ఇవి లారీ పానాలు సార్! ఒక్కటీ పట్టడం లేదు."

కెప్టెన్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. స్టోర్సువాళ్ళని వాళ్ళ తాతల దాకా తిట్టి, అదే ఊపులో ఫోనెత్తి పైవాళ్ళకి చెప్పాడు. అవతలినుంచి అంతకు రెట్టింపు తిట్లు పడ్డాయి. విచారణ జరిపిస్తామన్నారు, కోర్టు మార్షల్ అన్నారు. గ్యాసు మాత్రం ఆగింది.

"ఆ స్టోర్సు వెధవ ఎవడోగానీ వాడి కాళ్ళు కడగాలి," అని డాబ్స్ పొంగిపోయాడు. కందకమంతా ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నానికి గాలి మళ్ళింది. ట్రాంటర్ కెప్టెన్ దగ్గరికెళ్ళి ఎత్తిపొడుపుగా అన్నాడు: "ఇప్పుడు గాలి వాళ్ళవైపే ఉంది సార్. ఏం లాభం? పానాలు లేవుగా."

కెప్టెన్ చప్పున లేచాడు. "ఖాయమేనా? మనవాళ్ళలో ఒక్కడికైనా దగ్గు రాదు కదా?"

"రాదు సార్."

కెప్టెన్ తన కోటు జేబులోంచి బరువైన మూట తీసి ట్రాంటర్ చేతిలో పెట్టాడు.

"అయితే వీటితో తిప్పు. పొద్దున పెట్టెలో లారీ పానాలు పడేసి నేను తీసి దాచిన అసలు పానాలు."