కనకవల్లి అలంకరించిన పాత గూడు

గిజిగాళ్ల వంశమున కనకవల్లి తాత పేరయ్య, గాలివానకు గూడు చెదిరిన మైనాకు తన గూటినే విడిచి ఇచ్చెను. తల్లి అచ్చమాంబ తాను తడియుచునే పొరుగువారి పిల్లలకు రెక్కలను గొడుగుగా పట్టెను. ఎవరికి గూడు ఇచ్చినను, ముందుగా తామే అందులో కూర్చుండి గాలికి ఒక పూట ఊగి చూచుట ఆ ఇంటి ఆచారము.

కనకవల్లి ప్రాణస్నేహితురాలు తాయారను పిచ్చుకకు గ్రుడ్లు పెట్టు వేళ సమీపించినను గూడు కుదరలేదు. కనకవల్లి ఆమెకు కానుక ఈయదలచి, తాటిమట్టకు వ్రేలాడుచున్న నిరుటి గూడొకటి ఎంచుకొని, వాకిట తంగేడుపూలు గ్రుచ్చి, లోపల నెమలీక పోగులు పరచెను.

"అమ్మమ్మా, ఊగి చూడవా?" అని మనుమరాలు చిట్టి అడిగెను.

"పూలు నలిగిపోతాయే, పిచ్చిదానా! నా ముక్కు పనికే వంక పెట్టేదానివయ్యావా?"

తాయారు గూడు చూచి మురిసిపోయెను. "వదినా, ఇది గూడా, పెళ్లి పల్లకీయా!"

నాలుగవనాడు ఈదురుగాలి వీచెను. గూటిని మట్టకు కట్టిన నిరుటి ముడి అప్పటికే చివికియున్నది. గూడు తెగిపడి, తాయారు అందులో పెట్టిన మూడు గ్రుడ్లును పగిలిపోయెను.

కనకవల్లి ఎగిరి వచ్చి, పగిలిన పెంకులు చూచి ఏడ్చెను. తాయారు కన్నీరు తుడుచుకొని, "ఏడవకు వదినా. పూలు మాత్రం ఎంతో ముచ్చటగా గుచ్చావు," అనెను. తిట్టినను అంత నొప్పి కలిగెడిది కాదు.

అటుపిమ్మట కనకవల్లి మనుమరాండ్రకు నేర్పినవి రెండే: పాత ముడి విప్పి పచ్చి పీచుతో కొత్త ముడి వేయుట, ఇచ్చెడి గూటిలో ముందు తాము ఊగి చూచుట. పూలు గ్రుచ్చుట ఆమె ఎవరికిని నేర్పలేదు.