మూడో గన్

"ఇదీ అంతే!" అంటూ పెద్దాయన ఇంపాక్ట్ గన్‌ను కౌంటర్ మీద ఠప్పున పెట్టాడు.

పనిముట్ల దుకాణదారుకి ఒళ్లు మండిపోయింది. లారీ చక్రాల నట్లను గాలి జోరుతో ఊడదీసే ఆ గన్‌ను పెద్దాయన ఇలా వాపసు తేవడం ఇది మూడోసారి.

"మళ్లీ ఏమైంది పెద్దాయనా?"

"ఏముంది? ట్రిగ్గర్ నొక్కితే బుస్సుమంటుంది, నట్టు మాత్రం కదలదు. చివరికి నేనే లేచి రాడ్డు వేసి విప్పాలి. ఈ వయసులో నాకెందుకయ్యా ఈ తిప్పలు?"

పెద్దాయన గొంతు అసలే పెద్దది. పక్కన గన్లు చూసుకుంటున్న ఇద్దరు మెకానిక్‌లు మొహాలు చూసుకుని, చేతిలోవి కింద పెట్టి మెల్లగా జారుకున్నారు. దుకాణదారుకి ప్రాణం ఉసూరుమంది. ఈ షాపులో గన్లన్నీ డొల్ల అని ఇప్పటికే బజారంతా గుప్పుమంది.

"ఇలా రండి" అని గన్‌కు గాలి గొట్టం తగిలించి, బల్లకు బిగించి ఉన్న తుప్పు నట్టు మీద పెట్టి నొక్కాడు. షాపు అదిరిపోయేలా గర్జించి, గన్ ఆ నట్టును చిటికెలో ఊడదీసింది.

"చూశారా? దీనికేం రోగం?"

"ఇక్కడ బాగానే ఉంటుంది. మా షెడ్డుకు రాగానే నీరసం వస్తుంది."

అలాగని పెద్దాయనకు ఎంచుకోవడం చేతకాక కాదు. పిల్లకు సంబంధం చూసినంత జాగ్రత్తగా చూస్తాడు. మొదట తేలికైన అరంగుళం గన్ తీసుకున్నాడు. అది కార్లకే చాలుతుందేమోనని ముప్పావు అంగుళానికి మారాడు. ఈ మూడోది లారీల కోసమే చేసిన అంగుళం గన్. ప్రతిదాన్నీ చేతిలో పట్టుకుని ఊపి చూశాడు. కొడుకు మణికట్టు నొప్పి పుడుతుందేమో, ట్రిగ్గర్ గట్టిగా ఉండి వేళ్లు పీకుతాయేమో, ఆ చప్పుడుకి చెవులు పాడవుతాయేమో అని సవాలక్ష ప్రశ్నలు వేశాడు.

"గొట్టం సన్నగా ఉందేమో?"

"నువ్వు చెప్పిన లావు గొట్టమే వేశాం."

"మరి గాలి సరిపోతోందా?"

"ఆ మీటర్లూ గీటర్లూ నాకు తెలీవయ్యా. నేను పానా పట్టి పెరిగినవాణ్ని. కంప్రెసర్ సంగతంతా మావాడిది. ముల్లు చివరికంటా ఉందంటాడు."

"మీవాడేమంటాడు గన్ గురించి?"

"వాడిదంతా మెతక. పోనీలే నాన్నా, సర్దుకుందాం అంటాడు. నేనే ఊరుకోను. ఇంతకంటే పెద్దది చూపించు."

"ఇంతకంటే పెద్దదంటే ఇద్దరు మోయాలి! రేపు నేనే మీ షెడ్డుకొస్తాను. నా కళ్లతో నేను చూడాలి" అన్నాడు దుకాణదారు, తల ప్రాణం తోకకు వచ్చి.

మర్నాడు అతను వెళ్లేసరికి షెడ్డులో ఒక లారీ జాకీల మీద నిలబడి ఉంది. పెద్దాయన కొడుకు అతన్ని చూసి కంగారుపడ్డాడు.

"నువ్వెందుకొచ్చావన్నా ఇంత దూరం? ఫోన్ చేస్తే సరిపోయేది కదా!"

"ముందు నట్టు మీద పెట్టు తమ్ముడూ. చూస్తాను."

కొడుకు గన్ పెట్టి నొక్కాడు. అది గర్రుమని నాలుగు దెబ్బలు కొట్టి, బుస్సుమంటూ చల్లబడింది. నట్టు ఉన్నచోటే ఉంది. దుకాణదారుకి తల కొట్టేసినట్టయింది.

"నాన్నా! రావట్లేదు. నువ్వొక పట్టు పట్టు."

కంప్రెసర్ పక్కన గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చున్న పెద్దాయన లేచాడు. పానాకు పొడుగాటి పైపు తొడిగి, కాళ్లు నిలదొక్కుకుని ఒక్క ఊపు ఊపాడు. కటుక్కుమని నట్టు వదిలింది.

"అదీ! పెద్దాయన చెయ్యి పడాల్సిందే" అన్నాడు లారీ డ్రైవరు. తర్వాత దుకాణదారు వైపు తిరిగి, "మొదటి గన్ కొత్తగా వచ్చినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. అప్పుడే ఈయన మంచం పట్టాడు. తిండి లేదు, మాట లేదు. ఇక లేవడనే అనుకున్నాం. నీ గన్ మొరాయించాకే లేచొచ్చాడు. లేకపోతే మా బండ్ల గతేం కాను?" అన్నాడు.

దుకాణదారుకి ఎక్కడో అనుమానం తగిలింది. కంప్రెసర్ దగ్గరికి వెళ్లాడు. ట్యాంకు మీటరు ముల్లు నిజంగానే చివరికంటా ఉంది. అక్కణ్నుంచి గోడ వెంట వెళ్లిన పైపును కళ్లతోనే వెంబడిస్తూ పోయాడు. సరిగ్గా పెద్దాయన స్టూలు పైన, పైపుకు ఆయన తువ్వాలు వేలాడుతోంది.

తువ్వాలు ఎత్తి చూశాడు. దాని వెనక గన్‌కు వెళ్లే గాలిని పెంచి తగ్గించే రెగ్యులేటర్ ఉంది. గాలి తగ్గేలా దాని మర బాగా వదులు చేసి ఉంది. చిన్న మీటరులో ముల్లు సగం కూడా లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. స్టూలు ఆయనది, తువ్వాలు ఆయనది. ఇక్కడ గాలి తగ్గించేసి, అక్కడ నా షాపుకొచ్చి నలుగురిలో నా పరువు తీస్తాడా ఈ ముసలాయన!

మర బిగించబోతుంటే, వెనకనుంచి వచ్చి కొడుకు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"చూశావా తమ్ముడూ, మీ నాన్న చేసిన నిర్వాకం? తన అవసరం తీరిపోతుందని ఎంత నాటకం ఆడాడో!"

కొడుకు లారీ వైపు చూశాడు. పెద్దాయన చెమటలు కక్కుతూ, డ్రైవరుతో హాస్యాలాడుతూ రెండో నట్టు మీద పడ్డాడు. "ఇంకా ఎన్ని ఉన్నాయిరా? ఈ దిక్కుమాలిన గన్ను మధ్యాహ్నం మళ్లీ తీసుకెళ్లి మార్చుకొస్తా" అని అక్కణ్నుంచే అరిచాడు.

కొడుకు తువ్వాలును మళ్లీ మీటరు మీదికి సరిచేశాడు.

"మెల్లగా అన్నా" అన్నాడు గొంతు తగ్గించి. "రోజూ ఆ మర తిప్పేది నేనే."