కాకరపాదు పగ

మా అమ్మాయి నా మీద పగ తీర్చుకుంటోంది. నా ఆనందం ఏమని చెప్పను!

ప్రతిదానికీ నా మాటే నెగ్గాలనే మొండితండ్రిని నేను. అది విసిగిపోయి తొమ్మిదేళ్లు నాతో మాట్లాడలేదు. నిరుడు ఎండలు ముదరకముందే వచ్చి, పార పట్టుకుని నా పెరట్లోకి దిగింది.

ఎండాకాలం కాకర, వానల్లో పొట్ల, చలికాలం ముల్లంగి. చిన్నప్పుడు దానికి నేను బలవంతంగా తినిపించినవన్నీ వరసగా పండించింది. రోజూ మధ్యాహ్నం వచ్చి, వండి, ఎదురుగా కూర్చునేది.

“తిను నాన్నా. ముక్క మిగిల్చావో, లేవనివ్వను.”

“చేదు తల్లీ!”

“నాకు మాత్రం తియ్యగా ఉండేదా? ఏడిస్తే ఇంకో గరిటె వేసేవాడివి.”

అంటూనే ఇంకో గరిటె వేసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మొత్తం తిన్నాను.

నిన్న ఆఖరి ముల్లంగి పీకి, చేతులు దులుపుకుంది.

“నా కసి తీరింది నాన్నా. రేపటినుంచి రాను.”

నా గుండె జారిపోయింది. నోటికొచ్చింది అనేశాను.

“మరి బీట్‌రూట్ మర్చిపోయావేమే? వద్దు మొర్రో అంటున్నా, ముక్కు మూసి మరీ నోట్లో కుక్కాను కదా!”

దాని మొహం కందగడ్డయింది.

“అదీ చేశావా? ఉండు, నీ పని చెప్తా!” అని మళ్లీ పార అందుకుంది.

దాని చిన్నతనంలో మా ఇంట బీట్‌రూట్ వండిన పాపాన పోలేదు. విత్తనం వేశాక గడ్డ ఊరడానికి మూడు నెలలు పడుతుందట.

మూడు నెలలండీ!